ఫార్మాట్ కొట్టించే ముందు: ఇంట్లో కంప్యూటర్ మొరాయిస్తే వరసగా చూసుకోవాల్సినవి

బెజవాడలో ఎవరింట్లో కంప్యూటర్ మొరాయించినా మొదట వినపడే సలహా ఒకటే: ‘ఫార్మాట్ కొట్టించేయండి’. పక్కింటి ఇంజినీరింగ్ కుర్రాడు అదే అంటాడు, దుకాణంలోనూ చాలాసార్లు అదే అంటారు. ఫార్మాట్ అంటే డిస్కులో ఉన్నదంతా చెరిపేసి విండోస్ మళ్లీ ఎక్కించడం. అది తప్పేం కాదు, కాకపోతే చివర్లో చేయాల్సిన పని. వోల్టేజీ సరిగా లేక ఆగిపోతున్న మెషీన్‌ని ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టినా అది ఆగిపోతూనే ఉంటుంది. ఈలోపు పిల్లల ఫొటోలు, పొలం కాగితాల స్కాన్లు మాత్రం పోతాయి.

అందుకే వరస ముఖ్యం. గోడకున్న ప్లగ్గు దగ్గర మొదలుపెట్టి లోపలికి వెళ్లాలి. కరెంటు, వైర్లు, వేడి, డిస్కు, వీటన్నిటి తర్వాతే విండోస్. కింద చెప్పేవన్నీ విండోస్ 10, 11 వాడే మామూలు ఇళ్ల కోసం.

మొదలుపెట్టే ముందు రెండు అలవాట్లు చేసుకోండి. తెర మీద ఏదైనా ఎర్రర్ కనిపిస్తే, అది అర్థం కాకపోయినా సరే, ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. ‘ఏదో నీలం రంగులో వచ్చిందండీ’ అంటే రిపేరు చేసేవాళ్లకు ఏమీ తెలియదు. రెండోది, ఒకసారికి ఒక్కటే మార్చి చూడండి. నాలుగు పనులు కలిపి చేస్తే, బాగుపడినా దేనివల్ల బాగుపడిందో తేలదు.

‘నిన్నటి దాకా బాగానే ఉంది’ అనుకుంటాం కదా, అప్పుడు నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. కరెంటు పోయి వచ్చిందా? కొత్తది ఏమైనా ఇన్‌స్టాల్ చేశారా? పండక్కి బూజులు దులుపుతూ సీపీయూ జరిపారా? సంక్రాంతికి ముందు వారం వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి వెనకాల ఊడిన వైరే కారణం.

ముందు కరెంటు సంగతి

స్విచ్ వేశారు, లైటు వెలగలేదు, ఫ్యాన్ తిరగలేదు. అప్పుడు ఇలా చూడండి:

1. అదే ప్లగ్గులో ఫోన్ ఛార్జర్ పెట్టి చూడండి. ఛార్జ్ ఎక్కకపోతే తప్పు కంప్యూటర్‌ది కాదు.
2. ఎక్స్‌టెన్షన్ బాక్స్, స్పైక్ బస్టర్ పక్కన పెట్టి నేరుగా గోడ ప్లగ్గుకు కలపండి.
3. సీపీయూ వెనక, పవర్ కార్డు దూరే చోట చిన్న స్విచ్ ఉంటుంది. ఒకవైపు గీత, ఇంకోవైపు సున్నా. గీత వైపు నొక్కి ఉండాలి. తుడిచేటప్పుడు ఇది తెలియకుండానే ఆఫ్ అయిపోతుంది.
4. మానిటర్ పవర్ కార్డు, సీపీయూ పవర్ కార్డు చాలావరకు ఒకే రకం. ఒకదాని స్థానంలో ఇంకోటి పెట్టి చూస్తే కార్డు చెడిందో లేదో తెలిసిపోతుంది.
5. అన్ని వైర్లూ పీకేసి, పవర్ బటన్‌ని 30 సెకన్లు నొక్కి పట్టుకోండి. తర్వాత పవర్ కార్డు ఒక్కటే పెట్టి ఆన్ చేయండి. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ తీసేసి ఇదే చేయండి. చచ్చిపోయిందనుకున్న ల్యాప్‌టాప్ ఒక్కోసారి దీనికే లేచి కూర్చుంటుంది.

ఇన్ని చేసినా ఉలుకూ పలుకూ లేకపోతే ఎక్కువగా ఎస్ఎంపీఎస్, అంటే సీపీయూ లోపల కరెంటు అందించే డబ్బా, పోయి ఉంటుంది. దాన్ని విప్పకండి. కరెంటు తీసేసినా లోపలి కెపాసిటర్లలో ఛార్జి మిగిలి ఉంటుంది. అది దుకాణం పని.

ఆన్ అయి మధ్యలో ఆగిపోతుంటే యూపీఎస్‌ని అనుమానించండి. ఇళ్లలో వాడే చిన్న 600 వీఏ యూపీఎస్‌లో సాధారణంగా 12 వోల్టుల సీల్డ్ బ్యాటరీ ఉంటుంది. మామూలుగా రెండు మూడేళ్లు వస్తుంది, కానీ మన ఎండలకు ఇంకా ముందే నీరసపడుతుంది. పని ఏమీ లేనప్పుడు, ఫైళ్లన్నీ మూసేసి, యూపీఎస్ ప్లగ్గు స్విచ్ ఆపండి. కంప్యూటర్ వెంటనే ఆరిపోతే బ్యాటరీ అయిపోయినట్టే. చాలాసార్లు బ్యాటరీ ఒక్కటి మారిస్తే చాలు, యూపీఎస్ మొత్తం కొనక్కర్లేదు. లేజర్ ప్రింటర్‌ని మాత్రం యూపీఎస్‌కు పెట్టకండి. వేడెక్కేటప్పుడు అది ఒక్కసారిగా లాగే కరెంటును చిన్న యూపీఎస్ తట్టుకోలేదు.

ఇంట్లో ఇన్వర్టర్ ఉండి కూడా కరెంటు పోయినప్పుడల్లా డెస్క్‌టాప్ రీస్టార్ట్ అవుతోందా? చాలా ఇన్వర్టర్లకు యూపీఎస్ మోడ్, మామూలు మోడ్ అని మార్చుకునే చిన్న స్విచ్ ఉంటుంది. మామూలు మోడ్‌లో ఇన్వర్టర్ అందుకునేలోపు ఫ్యాన్లకు తేడా తెలియదు కానీ కంప్యూటర్ ఆగిపోతుంది. యూపీఎస్ మోడ్‌లో పెడితే ఆ మారడం చాలా వేగంగా జరుగుతుంది. ఈ స్విచ్ సంగతి తెలియక విడిగా యూపీఎస్ కొన్న ఇళ్లు చాలా ఉన్నాయి. ఒక చిక్కేంటంటే, యూపీఎస్ మోడ్‌లో వోల్టేజీ కాస్త తగ్గినా ఇన్వర్టర్ వెంటనే బ్యాటరీ మీదకు వెళ్లిపోతుంది. మీ వీధిలో సాయంత్రం పూట ఏసీలన్నీ నడిచేటప్పుడు వోల్టేజీ పడిపోతుంటే ఆ మోడ్‌లో బ్యాటరీ తొందరగా ఖాళీ అవుతుంది.

చెప్పుల్లేకుండా సీపీయూ ముట్టుకుంటే జివ్వుమంటోందా? చాలామంది దీన్ని పట్టించుకోరు, చెప్పులేసుకుని కూర్చుంటారు. అలా సర్దుకుపోవద్దు. ఎస్ఎంపీఎస్‌లో ఉండే ఫిల్టర్ నుంచి కొద్దిపాటి కరెంటు ఇనప డబ్బా మీదకు రావడం మామూలే. దాన్ని భూమిలోకి పంపాల్సింది ఎర్తింగ్. షాక్ కొడుతోందంటే ఆ ప్లగ్గుకు ఎర్తింగ్ లేదన్నమాట, లేదా ఎక్స్‌టెన్షన్ బాక్స్‌లో ఎర్త్ పిన్ను ఊరికే అలంకారానికి ఉందన్నమాట. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించండి. ఎండాకాలంలో ఎర్త్ గొయ్యి ఎండిపోతే కూడా ఇలా అవుతుంది, అప్పుడప్పుడూ నాలుగు బకెట్ల నీళ్లు పోస్తుండాలి.

ఇంకో ప్రమాదం ఉంది. లైట్లు ఉన్నట్టుండి మామూలు కంటే ఎక్కువ వెలుగుతున్నా, ఫ్యాన్లు వేగం పెరిగినా, వెంటనే కంప్యూటర్, టీవీ, ఫ్రిజ్ ప్లగ్గులు పీకేయండి. న్యూట్రల్ వైరు తెగినప్పుడు 230 వోల్టులు రావాల్సిన చోట చాలా ఎక్కువ వస్తుంది, వీధిలో అందరి సామానూ ఒకేసారి కాలిపోయేది అప్పుడే. కరెంటు ఫిర్యాదుల నంబర్ 1912కి ఫోన్ చేసి చెప్పండి. ఉరుములు మెరుపులు మొదలైనా ఇదే సూత్రం: స్విచ్ ఆపడం చాలదు, ప్లగ్గే పీకాలి, నెట్ పెట్టె నుంచి వచ్చే ల్యాన్ వైరుతో సహా.

ఫ్యాన్ తిరుగుతుంది, తెర మీద బొమ్మ రాదు

మానిటర్ లైటు నారింజ రంగులో ఉన్నా, మిణుకుమంటున్నా మానిటర్ బాగానే ఉందని, సిగ్నలే అందడం లేదని అర్థం. ముందు కేబుల్ రెండు చివరలూ తీసి గట్టిగా పెట్టండి. సీపీయూలో విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే, మానిటర్ వైరు ఆ కార్డుకే పెట్టాలి. పైనున్న మదర్‌బోర్డు పోర్టుకు పెడితే చాలాసార్లు ఏమీ రాదు. వైర్లు పీకి మళ్లీ పెట్టినప్పుడు జరిగే పొరపాట్లలో మొదటిది ఇదే.

ల్యాప్‌టాప్ తెర నల్లగా ఉంటే విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కండి. గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది, తెరిచిన ఫైళ్లకు ఏమీ కాదు. అయినా రాకపోతే చీకట్లో తెర మీదకు టార్చి వేసి చూడండి. లీలగా బొమ్మ కనిపిస్తే బ్యాక్‌లైట్ పోయింది, మీ డేటా భద్రంగానే ఉంది.

డెస్క్‌టాప్ బీప్ బీప్‌మంటూ తెర మీద ఏమీ చూపించకపోతే ర్యామ్‌ని చూడాలి. మన ఊరి గాలిలో తేమకు ర్యామ్ కింది బంగారు రంగు పళ్లు కాలక్రమేణా మసకబారతాయి. పవర్ కార్డు పూర్తిగా పీకేయండి. ఒంట్లో స్థిర విద్యుత్తు పోయేలా సీపీయూ ఇనప భాగాన్ని ఓసారి ముట్టుకోండి. ర్యామ్‌కు ఇరువైపులా ఉన్న క్లిప్పులు తెరిచి బయటికి తీసి, ఆ పళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొట్టు దులిపి, క్లిప్పు ‘టక్’ మనేదాకా నొక్కి పెట్టండి. రెండు ర్యామ్‌లుంటే ఒక్కొక్కటే పెట్టి చూడండి.

ఆన్ చేసినప్పుడల్లా తేదీ, టైము ఏవో పాత రోజులకు వెళ్లిపోతుంటే మదర్‌బోర్డు మీదున్న గుండ్రటి సీఆర్ 2032 సెల్ అయిపోయింది. వాచీ దుకాణంలో దొరుకుతుంది. తేదీ తప్పుగా ఉంటే బ్రౌజర్ ప్రతి వెబ్‌సైట్‌నీ ‘సురక్షితం కాదు’ అంటుంది, బ్యాంకు సైటు తెరుచుకోదు. దాన్ని చూసి వైరస్ అనుకుని ఫార్మాట్ కొట్టించిన వాళ్లూ ఉన్నారు!

బూటబుల్ డివైస్ లేదని, అంటే విండోస్ ఉన్న డిస్కు దొరకడం లేదని వస్తే, ముందు ఏ యూఎస్‌బీ పోర్టులోనైనా పెన్‌డ్రైవ్ మర్చిపోయారేమో చూడండి.

స్లో అయిపోయిందండీ

అన్నిటికంటే ఎక్కువగా వినపడే ఫిర్యాదు ఇదే, తప్పుడు వైద్యం ఎక్కువగా జరిగేదీ దీనికే.

మొదట రీస్టార్ట్ చేయండి. ‘రోజూ షట్‌డౌన్ చేస్తూనే ఉన్నాం కదా’ అనొద్దు, రెండూ ఒకటి కాదు. విండోస్ 10, 11లో ఫాస్ట్ స్టార్టప్ అనే సదుపాయం చాలా మెషీన్లలో ముందే ఆన్ చేసి ఉంటుంది. దానివల్ల షట్‌డౌన్ నొక్కినా విండోస్ లోపలి భాగం డిస్కులో దాచిపెట్టి, మర్నాడు అక్కడి నుంచే మొదలవుతుంది. రీస్టార్ట్ చేస్తేనే అంతా మొదటి నుంచి శుభ్రంగా లోడ్ అవుతుంది.

తర్వాత కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. దాంట్లో సీపీయూ (ఇక్కడ డబ్బా కాదు, లోపలి ప్రాసెసర్), మెమరీ, డిస్క్ అని వరసలు కనిపిస్తాయి. ఏది నూటికి దగ్గరగా నిలబడి ఉందో చూడండి. ఆ వరస పేరు మీద నొక్కితే దాన్ని ఎక్కువగా తింటున్న ప్రోగ్రామ్ పైకి వస్తుంది. ఇక్కడి నుంచి దారులు వేరవుతాయి.

మెమరీ నిండిపోతుంటే ర్యామ్ చాలడం లేదు. 4 జీబీతో విండోస్ 11 నడుస్తుందని కాగితం మీద ఉంటుంది. నిజంగా బ్రౌజర్‌లో పది ట్యాబులు, పక్కన పిల్లల ఆన్‌లైన్ క్లాసు నడవాలంటే 8 జీబీ ఉండాల్సిందే.

డిస్క్ నూటికి నూరు చూపిస్తూ, పైన ఏ ప్రోగ్రామూ పెద్దగా వాడనట్టు కనిపిస్తే మీది పాతకాలపు తిరిగే హార్డ్‌డిస్క్ అయి ఉంటుంది. టాస్క్ మేనేజర్‌లోనే పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో డిస్క్ మీద నొక్కితే అది హెచ్‌డీడీనో (తిరిగే డిస్కు) ఎస్ఎస్‌డీనో (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు) రాసి ఉంటుంది. హెచ్‌డీడీ అయితే నా మాట ఒకటే: ఫార్మాట్లకు, ‘స్పీడప్’ సాఫ్ట్‌వేర్లకు పెట్టే డబ్బు ఎస్ఎస్‌డీకి పెట్టండి. ఏడెనిమిదేళ్ల పాత మెషీన్ కూడా కొత్త దానిలా కదులుతుంది. దుకాణంలో ‘క్లోన్ చేసివ్వండి’ అని అడిగితే మీ విండోస్, ఫైళ్లు ఉన్నవి ఉన్నట్టే కొత్త డిస్కులోకి వచ్చేస్తాయి.

సీపీయూ ఎక్కువగా ఉంటే పైనున్న పేరు చూడండి. విండోస్ అప్‌డేట్ అయితే ఓ గంట వదిలేయండి, దానంతట అదే తగ్గుతుంది. రెండు యాంటీవైరస్‌లు కనిపిస్తే ఒకటి తీసేయండి. విండోస్‌తో ఉచితంగా వచ్చే డిఫెండర్ మామూలు ఇంటికి చాలు. కొన్న మెషీన్‌తో పాటు వచ్చి, గడువు ముగిసి, రోజూ డబ్బు కట్టమని అడిగే యాంటీవైరస్‌ని నిర్మొహమాటంగా అన్‌ఇన్‌స్టాల్ చేయొచ్చు.

టాస్క్ మేనేజర్‌లోనే స్టార్టప్ యాప్స్ అనే చోట, కంప్యూటర్ ఆన్ అవగానే లేచి కూర్చునే ప్రోగ్రాముల జాబితా ఉంటుంది. మీరు రోజూ వాడనివి డిసేబుల్ చేయండి. డిసేబుల్ చేస్తే ప్రోగ్రామ్ పోదు, మీరు పిలిచినప్పుడే వస్తుంది.

సీ డ్రైవ్ ఎర్రగా నిండిపోయినా మెషీన్ కుంటుతుంది. సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్‌లోకి వెళ్తే దేనికి ఎంత చోటు పోయిందో చూపిస్తుంది. టెంపరరీ ఫైళ్లు చెరిపేయండి. కానీ ఆ జాబితాలో డౌన్‌లోడ్స్ అని ఒక గడి ఉంటుంది, చూడకుండా దానికి టిక్కు పెట్టొద్దు. చాలా ఇళ్లలో ఆధార్ కాపీలు, హాల్‌టికెట్లు ఉండేది అందులోనే. డ్రైవ్‌లో ఐదో వంతు ఖాళీగా ఉంచగలిగితే మంచిది.

డిస్కు నుంచి ‘టిక్, టిక్’ అని శబ్దం వస్తోందా? ఫైళ్లు తెరవడానికి నిమిషాలు పడుతోందా? అయితే స్లో సంగతి మర్చిపోండి. అది పోయే డిస్కు. స్కాన్లు, రిపేర్లు ఏమీ మొదలుపెట్టకండి, అవి దాన్ని ఇంకా అరగదీస్తాయి. ముందు ముఖ్యమైన ఫైళ్లు బయటికి కాపీ చేయండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ డిస్కు ఆరోగ్యం చూపిస్తుంది. అందులో పసుపు రంగు కనిపిస్తే కొత్త డిస్కు కొనే టైమ్ వచ్చినట్టు.

ఎండ, దుమ్ము

రోహిణి కార్తెలో గది లోపలే నలభై డిగ్రీలకు దగ్గర పడే ఊరు మనది. ప్రాసెసర్ వేడి ఓ హద్దు దాటితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించేసుకుంటుంది, ఇంకా పెరిగితే మెషీన్ టక్కున ఆరిపోతుంది. మధ్యాహ్నం రెండింటికి స్లోగా ఉండి, రాత్రి పది తర్వాత బాగా నడుస్తోందంటే వైరస్ కాదు, వేడి. సీపీయూని బీరువాకీ గోడకీ మధ్య ఇరికించకండి, వెనక జానెడు ఖాళీ ఉండాలి. ల్యాప్‌టాప్‌ని పరుపు మీద పెట్టి వాడితే కింది గాలి రంధ్రాలు మూసుకుపోతాయి.

దుమ్ము తీయడం ఇంట్లో చేసుకోగల పనే. ప్లగ్గు పీకి, పక్క డోరు విప్పి, కొత్త పెయింట్ బ్రష్‌తో మెల్లగా దులపండి. బ్లోవర్ వాడితే ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి, గాలికి గిర్రున తిరిగితే బేరింగ్ పాడవుతుంది. తడిగుడ్డ లోపలికి రానివ్వద్దు. ఏడాదికి రెండుసార్లు చాలు. ఇబ్రహీంపట్నం వైపు థర్మల్ బూడిద పడే ఇళ్లలోనూ, గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల ఇళ్లలోనూ ఇంకాస్త తరచుగా చేయాలి. ఫ్యాన్ శుభ్రంగా ఉన్నా వేడెక్కుతుంటే ప్రాసెసర్ మీద థర్మల్ పేస్టు ఎండిపోయి ఉంటుంది. అలవాటు లేకపోతే అది దుకాణంలో వేయించండి.

ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినా, మూత సరిగ్గా మూసుకోకపోయినా లోపల బ్యాటరీ ఉబ్బిందని గుర్తు. ఛార్జింగ్ వెంటనే ఆపేయండి. నొక్కడం, సూదితో గాలి తీయడం లాంటివి చేశారంటే మంటలు రేగుతాయి.

నెట్ రావడం లేదు

తప్పు కంప్యూటర్‌దా, కనెక్షన్‌దా అన్నది ముందు తేల్చుకోవాలి. ఫోన్‌లో మొబైల్ డేటా ఆపి, అదే వైఫైకి కలిపి చూడండి. ఫోన్‌లోనూ రాకపోతే గోడకున్న ఫైబర్ పెట్టె దగ్గరికి వెళ్లండి. అందులో లాస్ (LOS) అని రాసి ఉన్న లైటు ఎర్రగా మిణుకుమంటుంటే ఫైబర్ ఎక్కడో తెగింది లేదా వంగింది. ఏపీ ఫైబర్‌నెట్ అయినా ఇంకేదైనా, స్తంభాల మీదుగా వచ్చే తీగలకు ఇది మామూలే. మీరు ఇంట్లో ఎన్నిసార్లు ఆపి వేసినా లాభం లేదు, కేబుల్ ఆపరేటర్‌కు ‘లాస్ లైటు ఎర్రగా వస్తోంది’ అని ఆ మాటే చెప్పండి. ఎర్ర లైటు లేకపోతే పెట్టె ఆపి, అరనిమిషం ఆగి, మళ్లీ వేసి, మూడు నిమిషాలు ఓపిక పట్టండి.

ఫోన్‌లో వచ్చి కంప్యూటర్‌లో రాకపోతే: ఎయిర్‌ప్లేన్ మోడ్ పొరపాటున పడిందేమో చూడండి, వైఫై పేరును ‘ఫర్‌గెట్’ చేసి పాస్‌వర్డ్‌తో మళ్లీ కలపండి, తేదీ సరిగా ఉందో చూడండి. అన్నీ అయ్యాక సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ రీసెట్ చేయొచ్చు, కాకపోతే దాచిన వైఫై పాస్‌వర్డ్‌లన్నీ పోతాయి, ముందే రాసి పెట్టుకోండి.

వెనక గదిలో స్పీడు రాకపోవడం చెడిపోవడం కాదు. మీ పెట్టె రెండు పేర్లతో వైఫై ఇస్తుంటే 5 గిగాహెర్ట్జ్‌ది వేగం ఎక్కువ కానీ గోడలు దాటలేదు, 2.4ది నెమ్మది కానీ దూరం పోతుంది. పెట్టె ఉన్న గదిలో మొదటిది, వంటింట్లో రెండోది.

ప్రింటర్ గురించి రెండే మాటలు. ప్రింట్ ఇచ్చినవన్నీ వరసలో ఇరుక్కుపోతే సర్వీసెస్‌లో ప్రింట్ స్పూలర్‌ని రీస్టార్ట్ చేయండి. ఇంక్‌జెట్ అయితే వారానికో రంగుల పేజీ తీస్తుండండి, లేదంటే హాల్‌టికెట్ కావాల్సిన రోజునే దాని ముక్కు ఎండిపోయి ఉంటుంది.

తెలుగు అక్షరాలు గజిబిజిగా

పెళ్లి శుభలేఖ మ్యాటరో, కరపత్రమో డీటీపీ సెంటర్ నుంచి మెయిల్‌లో వస్తుంది. వర్డ్‌లో తెరిస్తే పిచ్చి గీతలు, ఇంగ్లీషు గుర్తులు. ఫైలు పాడవలేదు. బెజవాడ అచ్చు రంగం ఏళ్ల తరబడి అను ఫాంట్ల మీద నడిచింది, ఇంకా చాలాచోట్ల నడుస్తోంది. వాటిలో తెలుగు అక్షరాలు యూనికోడ్‌లో (అన్ని కంప్యూటర్లూ, ఫోన్లూ చదవగల పద్ధతిలో) ఉండవు, ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో అవి కనిపించవు. చదవడానికే అయితే పీడీఎఫ్ పంపమనండి. మార్చాల్సి ఉంటే అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు నెట్‌లో దొరుకుతాయి. మార్చాక ఒత్తులు ఓసారి కళ్లతో సరిచూసుకోండి, అవి తప్పుతుంటాయి.

మీరే తెలుగులో టైప్ చేయాలంటే ఏ సాఫ్ట్‌వేరూ కొనక్కర్లేదు. సెట్టింగ్స్, టైమ్ అండ్ ల్యాంగ్వేజ్‌లో తెలుగు కలిపి, దాని ఆప్షన్లలో తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఎంచుకోండి. విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే ఇంగ్లీషు నుంచి తెలుగుకు, తెలుగు నుంచి ఇంగ్లీషుకు మారుతుంది.

వైరస్ కానివి, నిజంగా ప్రమాదమైనవి

తెర కుడివైపు కింది మూల నుంచి ‘మీ కంప్యూటర్‌లో ఐదు వైరస్‌లు ఉన్నాయి’ అంటూ చీటీలు వస్తుంటాయి. చాలావరకు ఇవి వైరస్ కాదు. ఏదో సినిమా సైటులో ‘అలౌ’ నొక్కి ఉంటారు, ఆ సైటు పంపే నోటిఫికేషన్లు ఇవి. క్రోమ్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌లోకి వెళ్లి తెలియని సైట్లన్నీ తీసేయండి. అక్కడితో ఆగిపోతాయి.

తెర అంతా ఎర్రగా మారి, సైరన్ మోగి, మైక్రోసాఫ్ట్ పేరుతో ఒక ఫోన్ నంబర్ కనిపిస్తే టెన్షన్ పడొద్దు. మైక్రోసాఫ్ట్ తన ఎర్రర్ సందేశాల్లో ఫోన్ నంబర్ ఎప్పుడూ పెట్టదు. ఆల్ట్, ఎఫ్4 నొక్కండి, పోకపోతే టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ని ఎండ్ చేయండి. ఆ నంబర్‌కు చేస్తే అవతలివాడు ఎనీడెస్క్ లాంటిది వేయించి మీ తెర తన చేతిలోకి తీసుకుంటాడు. ఇప్పటికే అలా జరిగి ఉంటే ముందు నెట్ తీసేయండి. ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి, సైబర్ మోసాల ఫిర్యాదుల నంబర్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు పోయిన తొలి గంటల్లో చెబితేనే అది అవతలి ఖాతాలో ఆగే అవకాశం ఎక్కువ. పాస్‌వర్డ్‌లు కూడా ఆ కంప్యూటర్‌లో కాకుండా వేరేదాంట్లో మార్చండి.

క్రాక్ చేసిన విండోస్, ఆఫీస్ గురించి ఒక మాట. దాన్ని యాక్టివేట్ చేయడానికి ముందు ‘యాంటీవైరస్ ఆపేయండి’ అంటుంది చూడండి, అక్కడే ఆలోచించండి. ఉత్తరాలు, లెక్కలు రాసుకోవడానికి లిబర్‌ఆఫీస్ ఉచితం, తెలుగూ బాగానే రాస్తుంది.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మెషీన్ ఆగిపోదు, కానీ గడువు పొడిగింపు పథకంలో చేరకపోతే భద్రతా అప్‌డేట్లు రావు. మీ మెషీన్‌కు 11 పడుతుందో లేదో పీసీ హెల్త్ చెక్ అనే యాప్ చెబుతుంది. పడకపోతే, నెట్, వీడియోలు, ఉత్తరాల వరకే వాడేవాళ్లకు విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ మంచి దారి. దాన్ని పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూసి, నచ్చాకే ఎక్కించుకోవచ్చు.

విండోసే తెరుచుకోకపోతే

వరసగా రెండు మూడుసార్లు సరిగా మొదలవకపోతే విండోస్ తనే రికవరీ తెర చూపిస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లండి. ముందు స్టార్టప్ రిపేర్. కుదరకపోతే, అప్‌డేట్ తర్వాతే ఇలా అయితే అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్. తర్వాత సిస్టమ్ రీస్టోర్. ఇవేవీ పని చేయకపోతేనే ‘రీసెట్ దిస్ పీసీ’, అందులోనూ ‘కీప్ మై ఫైల్స్’. ఇది ఫైళ్లను ఉంచి ప్రోగ్రాములను తీసేస్తుంది. ఫార్మాట్ దీని తర్వాతి మెట్టు.

ఈ దశలో కొన్ని ల్యాప్‌టాప్‌లు బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతాయి, 48 అంకెలు. చాలామంది అది ఉందని కూడా ఎరగరు. విండోస్ 11 ల్యాప్‌టాప్‌లు ఎన్నో డిస్కును తమంతట తామే లాక్ చేసి, ఆ కీని మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దాస్తాయి. కీ లేకపోతే ఏ దుకాణమూ మీ ఫైళ్లు తీసివ్వలేదు. మెషీన్ బాగున్న ఇవాళే ఆ అకౌంట్‌లోకి వెళ్లి, కీని కాగితం మీద రాసి ఇంటి పత్రాలతో పెట్టండి. అకౌంట్ పాస్‌వర్డ్ మీకు గుర్తుందో లేదో కూడా అప్పుడే తేలుతుంది.

తడిసిన మెషీన్

2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం నీళ్లలో ఉన్నప్పుడు ఎన్నో ఇళ్లలో సీపీయూలు మునిగాయి. అలాంటప్పుడు ‘ఎండబెట్టాం కదా’ అని ఆన్ చేయడమే పెద్ద పొరపాటు. వరదనీటి బురద ఆరాక కూడా కరెంటును అటూ ఇటూ పారిస్తుంది. ఆన్ చేయకుండానే డిస్కును బయటికి తీయించి, డేటా రికవరీ చేసేవాళ్లకు చూపించండి. ల్యాప్‌టాప్ మీద కాఫీ ఒలికినా అంతే: పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేయండి, ఛార్జర్ తీయండి, బోర్లించండి, సర్వీసుకు తీసుకెళ్లండి. బియ్యం డబ్బాలో పెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు.

మీ ఇల్లు పల్లంలో ఉంటే సీపీయూని నేల మీద పెట్టకండి. ఎక్స్‌టర్నల్ డిస్కులో తీసుకున్న బ్యాకప్‌ని అదే టేబుల్ సొరుగులో దాచడం కూడా సరి కాదు. ఒక కాపీ మెషీన్‌లో, ఒకటి ఎక్స్‌టర్నల్ డిస్కులో, ఇంకోటి గూగుల్ డ్రైవ్‌లోనో వేరే ఊళ్లో ఉన్న అన్నయ్య ఇంట్లోనో ఉండాలి. బ్యాకప్ తీసుకోగానే డిస్కు వైరు పీకేయండి. కలిపే ఉంచితే, మెషీన్‌లోకి వచ్చిన రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) దానికి కూడా తాళం వేస్తుంది.

దుకాణానికి తీసుకెళ్లేటప్పుడు

గవర్నర్‌పేట అయినా ఏలూరు రోడ్డయినా, వెళ్లే ముందు ఈ పనులు చేయండి. డిస్కు నడుస్తుంటే ముఖ్యమైన ఫైళ్లు కాపీ చేసుకోండి. బ్రౌజర్‌లో బ్యాంకు, జీమెయిల్ లాగౌట్ చేయండి. సీపీయూ ఒక్కటే తీసుకెళ్తే చాలు, మానిటర్ మోయక్కర్లేదు. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ కూడా ఇవ్వండి, ఒక్కోసారి జబ్బు ఛార్జర్‌లోనే ఉంటుంది.

అక్కడ రోగం పేరు మీరు చెప్పొద్దు, లక్షణాలు చెప్పండి. ‘వైరస్ వచ్చింది’ అనే బదులు ‘మధ్యాహ్నం పూట ఆన్ చేసిన పావుగంటకు ఆగిపోతోంది, రాత్రి ఆగడం లేదు’ అంటే వాళ్లు నేరుగా ఫ్యాన్ దగ్గరికి వెళ్తారు. తీసిన ఎర్రర్ ఫొటోలు చూపించండి. ర్యామ్, డిస్కు, గ్రాఫిక్స్ కార్డు ఏ కంపెనీవో, ఎంత సైజువో వాళ్ల ముందే రసీదు మీద రాయించుకోండి. ‘ఫార్మాట్ చేయాలంటే ముందు నాకు ఫోన్ చేయండి’ అని కూడా అదే రసీదు మీద రాయమనండి. మార్చిన పాత పార్టులు వెనక్కి అడగండి. పాత హార్డ్‌డిస్క్ అయితే చెడిపోయినదైనా సరే అక్కడ వదిలి రావద్దు, మీ ఫైళ్లు ఇంకా అందులోనే ఉంటాయి.